నయాగరా దారిలో గనొండాగన్: ముందు ఇక్కడ ఆగండి

అమెరికాలో మన ఇంటికి చుట్టాలొస్తే నయాగరా చూపించి అదే దారిన వెనక్కి వచ్చేస్తాం. ఈసారి న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ దగ్గరున్న విక్టర్ ఊళ్ళో ఆగండి. గనొండాగన్ అక్కడే ఉంది.

17వ శతాబ్దంలో ఇది సెనెకా అనే మూలవాసి తెగవాళ్ళ పెద్ద ఊరు. 1687లో న్యూ ఫ్రాన్స్ (ఉత్తర అమెరికాలోని ఫ్రెంచి వలస) గవర్నర్ దెనోన్విల్ దండెత్తినప్పుడు నాశనమైంది. అయినా 1701 వేసవిలో సెనెకాలున్న హోడెనోషోనీ (ఇరోక్వాయ్) తెగల సమాఖ్య మాంట్రియల్‌లో ఫ్రెంచివాళ్ళతో శాంతి చేసుకుంది, ఆల్బనీలో ఇంగ్లిష్‌వాళ్ళతోనూ స్నేహం నిలుపుకుంది. ఎవరి పక్షానా పూర్తిగా చేరకుండా ఇద్దరికీ తమ అవసరం ఉండేలా చూసుకున్నారు. ఎంత ముందుచూపు!

మళ్ళీ కట్టిన లాంగ్‌హౌస్‌ను, అంటే వాళ్ళుండే పొడవాటి ఇంటిని, తీరిగ్గా చూడండి. చెట్టు బెరడు గోడలు, రెండువైపులా పడుకునే అరుగులు, నడుమ పొయ్యిలు, పైన జడలల్లి వేలాడదీసిన మొక్కజొన్న కంకులు. పక్కనున్న మ్యూజియంలో వాంపమ్ పట్టీల గురించి తెలుసుకోండి. గవ్వలను అరగదీసి చేసిన తెల్లపూసలు, ఊదాపూసలతో అల్లేవి. చర్చల్లో మాటకు పట్టీ తోడుండాలి. చనిపోయినవాళ్ళకు సంతాపం చెప్పి, ఎదుటివాళ్ళ కన్నీళ్ళు తుడిచాకే అసలు విషయం ఎత్తేవారు.

కెనండైగ్వా ఊరు ఇక్కడికి దగ్గరే. ఒహాయో వైపు తెగల కూటమితో సెనెకాలు కలుస్తారన్న భయం అమెరికాకు ఉండేది. 1794 నవంబర్ 11న కెనండైగ్వాలో అమెరికాకు, హోడెనోషోనీ సమాఖ్యకు ఒప్పందం కుదిరింది. అందులోని 4,500 డాలర్ల వార్షిక చెల్లింపు కింద అమెరికా ప్రభుత్వం వాళ్ళకు ఇప్పటికీ బట్ట పంపుతోంది. కోర్టు ముందు స్మారక రాయి ఉంది. చూడటానికి పది నిమిషాలు చాలు.

జాన్‌స్టౌన్‌లోని జాన్సన్ హాల్ మాత్రం తూర్పున మూడు గంటల డ్రైవ్. 1763లో కట్టిన ఇల్లు, చూడముచ్చటగా ఉంటుంది. బ్రిటిష్‌వాళ్ళ తరఫున ఈ తెగలతో వ్యవహారాలు నడిపిన విలియం జాన్సన్, అదే సమాఖ్యలోని మోహాక్ తెగ మహిళ మోలీ బ్రాంట్ ఇక్కడే కాపురముండేవారు. ముందు ఇక్కడికొస్తే తెగలతో రాయబారమంతా జాన్సన్ తెలివే అనిపిస్తుంది. గనొండాగన్ చూసి వస్తే, ఆయన హోడెనోషోనీల పద్ధతి నేర్చుకుని, ఆ పద్ధతిలోనే మాట్లాడాడని తెలుస్తుంది. మోలీ బంధుత్వం ఆయనకెంత బలమో కూడా. అందుకే ఈ వరసలో వెళ్ళమంటున్నాను.

కెనండైగ్వా సరస్సు ఒడ్డున గదులు వేసవిలో బాగా ఖరీదు. మేము హైవే పక్క మోటెల్‌లో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ రాత్రంతా ట్రక్కుల మోత. పిల్లలుంటే రోచెస్టర్‌లో దిగడం మేలు, మన భోజనమూ దొరుకుతుంది. లాంగ్‌హౌస్ చలికాలంలో మూసి ఉంటుంది కాబట్టి తెరిచే రోజులు చూసుకుని బయల్దేరండి.