ఇంటి అక్వేరియానికి డబ్బాల్లో దొరికే సహజ సముద్రజలం: ఒక సమీక్ష

వడపోసి డబ్బాల్లో అమ్మే సముద్రజలంలో, కిలో నీటికి సుమారు 35 గ్రాముల లవణాలతో పాటు కాల్షియం, మెగ్నీషియం పగడాలకు తగిన పాళ్లలో సహజంగానే ఉండటం వల్ల, ఉప్పుపొడిని తూచి శుద్ధజలంలో కరిగించే శ్రమ పూర్తిగా తప్పుతుంది. క్షారత, అంటే ఆమ్లాన్ని తటస్థం చేసే నీటి గుణం, మాత్రం దాదాపు 7 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం) వద్దే ఉంటుంది గనుక, రాతి పగడాలు దట్టంగా ఉన్న తొట్టెలో దాన్ని విడిగా పెంచక తప్పదు.

తీరంలో స్వయంగా ముంచి తెచ్చుకునే నీటిని నేను సిఫారసు చేయను. వర్షాల తరువాత నదీముఖాల దగ్గర లవణీయత పడిపోవడమే కాక, మురుగు, ఎరువుల అవశేషాలు, పడవల ఇంధనం కలిసే ప్రమాదం ఉంది. పైగా వడపోయని నీటిని మూసి నిల్వ ఉంచితే అందులోని ప్లవకాలు (నీటిలో తేలియాడే సూక్ష్మజీవులు) చనిపోయి కుళ్ళడంతో అమ్మోనియా పెరుగుతుంది. డబ్బా నీటినైనా సాపేక్ష సాంద్రత (మంచినీటితో పోల్చిన సాంద్రత) 1.025 దరిదాపుల్లో ఉందని నిర్ధారించుకుని, తొట్టె ఉష్ణోగ్రతకు తెచ్చాకే పోయాలి. ఇక 20 లీటర్లంటే 20 కిలోల పైమాటే కనుక, పెద్ద తొట్టెలకు ఉప్పుపొడే నయం.