పగడం నోరు చూపించిన కెమెరా: ఒలింపస్ టఫ్ టీజీ-6

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఎనిమిదో తరగతికి జీవశాస్త్రం చెప్తాను. పగడం రాయి కాదు, జంతువు అంటే పిల్లలు ఏ ఏడాదీ ఓ పట్టాన నమ్మరు. ముక్క తెచ్చి చూపిద్దామంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. అందుకే సంక్రాంతి సెలవుల్లో అండమాన్ ప్రయాణం ఖాయం కాగానే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి ఒలింపస్ టఫ్ టీజీ-6 వారానికి అద్దెకు తెచ్చుకున్నాను.

పైన కేస్ లేకుండానే ఇది 15 మీటర్ల లోతు దాకా తట్టుకుంటుంది. గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి పైపైనే ఈదే స్నార్కెలింగ్‌కి అది చాలా ఎక్కువ. హావ్‌లాక్ ద్వీపంలోని ఎలిఫెంట్ బీచ్‌లో మొదట తీసినవన్నీ నీలంగా వచ్చాయి, తప్పు నాదే. నీళ్ళలో అన్నిటికన్నా ముందు మాయమయ్యేది ఎరుపు. డయల్‌ని అండర్‌వాటర్ మోడ్‌కి తిప్పాక చిలకచేప ఒంటి మీది గులాబీ గీతలు బయటపడ్డాయి.

దీని అసలు గొప్పతనం మైక్రోస్కోప్ మోడ్. లెన్స్‌కి ఒక్క సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది. నీల్ ద్వీపంలో లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌కి ఆటు సమయం చూసుకుని వెళ్ళాం. సహజ రాతి వంతెన దగ్గర మడుగులు తేలతాయి. గైడ్ అన్న చూపించిన రాళ్ళ మీదే అడుగులేస్తూ ఒక మడుగు పక్కన కూర్చుని, చెయ్యి మాత్రం ముంచాను. దేన్నీ తాకకుండా, ఊపిరి బిగబట్టి నొక్కాను. తెర మీద ఆవగింజంత పగడం నోరు, చుట్టూ దారప్పోగుల్లాంటి టెంటకిల్స్ (తిండిని పట్టుకునే మెత్తటి చేతులు), నీళ్ళు కదిలినప్పుడల్లా అన్నీ ఒకే వైపు ఊగుతూ! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. క్లాసులో ఆ ఫొటో వేస్తే వెనక బెంచీ అమ్మాయి లేచి, "అది తింటుందా టీచర్?" అని అడిగింది. మిగతా పీరియడంతా దాని తిండి గురించే నడిచింది.

అంత దగ్గరికి పెడితే కెమెరా నీడే పడుతుంది. లెన్స్ చుట్టూ బిగించే ఎల్ఈడీ లైట్ గైడ్ విడిగా దొరుకుతుంది, అది కూడా అడిగి తీసుకోండి. రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయానికి మాత్రం నేను ఫోనే వాడాను. ఇంత చిన్న సెన్సర్‌ని చీకటిపడే వేళ కష్టపెట్టడం ఎందుకు?

ఈ కెమెరా నీళ్ళలో తేలదు. అద్దెకిచ్చిన షాపువాళ్ళు ఫ్లోట్ స్ట్రాప్ (కెమెరాని నీళ్ళలో తేల్చే పట్టీ) ఇవ్వలేదు, అక్కడికెళ్ళాక కొనుక్కోవాల్సి వచ్చింది. బ్యాటరీ మూత రబ్బరు మీద వెంట్రుక గానీ ఇసుక రేణువు గానీ ఉందేమో దిగే ముందు ప్రతిసారీ చూసుకోండి. పైకొచ్చాక మంచినీళ్ళలో కాసేపు నానబెట్టి, పూర్తిగా ఆరాకే మూత తియ్యండి.