డ్రిల్ వేశాక బర్రు తీయడానికి ఏది మేలు?

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో చిన్న షెడ్డుల్లో పనికి కుదిరిన మన హిందూపురం, మదనపల్లె వైపు కుర్రాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది: రంధ్రం వేశాక అంచున నిలిచే పదునైన లోహపు పొర, అంటే బర్రు, తీయడానికి పెద్ద సైజు డ్రిల్ బిట్టు చాలదా, వేరే టూల్ కొనాలా?

మెషిన్‌కి పెట్టి తీస్తామంటే మాత్రం చాలదు. మామూలు బిట్టు మొన 118 డిగ్రీలు, కోసే అంచులు రెండే. ఉన్న రంధ్రం మీద తాకించగానే లోహాన్ని కొరికి లోపలికి లాక్కుపోతుంది. లేదంటే కంపించి, గుండ్రంగా ఉండాల్సిన అంచు మూలలు తేలుతుంది. అదే బిట్టుకు పిడి తగిలించి చేత్తో తిప్పితే అల్యూమినియం మీద పని బాగానే జరుగుతుంది.

ఒకే రకం ప్లేట్లు వందల్లో ఉంటే రంధ్రం అంచును ఏటవాలుగా కోసే కౌంటర్‌సింక్ బిట్టు కొనండి. 90 డిగ్రీలది, వీలైతే ఒకే కోత అంచు ఉన్నది తీసుకోండి, అది తక్కువ కంపిస్తుంది. స్పీడు డ్రిల్లింగ్‌కి పెట్టినదానిలో మూడో వంతుకు తగ్గించి, బిట్టును ఒకే లోతు దగ్గర ఆపే డెప్త్ స్టాప్ బిగిస్తే అన్ని రంధ్రాల అంచూ ఒకేలా వస్తుంది. స్టాప్ లేకపోతే ఒకటి లోతుగా, ఒకటి పైపైన తెగుతుంది. డ్రాయింగ్‌లో అంచు కోత 0.5 మిల్లీమీటర్ అని రాసి ఉంటే ఆ ప్లేటు వెనక్కి రావడం ఖాయం.

అసలు చిక్కు వెనక వైపు. బిట్టు బయటికి వచ్చే చోట చివరి పొర తెగకుండా ముందుకు నెట్టుకుపోతుంది కాబట్టి పెద్ద బర్రు అక్కడే మిగులుతుంది. బిట్టు మొద్దుబారినా, గట్టిగా నొక్కినా ఇంకా పెరుగుతుంది. ప్లేటునైతే తిప్పి పెట్టుకోవచ్చు. పైపు లోపలికి కౌంటర్‌సింక్ ఎలా వెళ్తుంది?

అందుకే ఒక్కటే కొనేటట్టయితే నా ఓటు తిరిగే బ్లేడు ఉన్న డీబరింగ్ టూల్‌కే. కొక్కెంలా వంగిన బ్లేడు పిడిలో స్వేచ్ఛగా తిరుగుతుంది. అంచు వెంబడి తేలిగ్గా తిప్పితే సన్నని చుట్టలా బర్రు ఊడివస్తుంది. పైపు చివర లోపలి అంచునీ, పట్టేంత పెద్ద రంధ్రమైతే దాని వెనక అంచునీ అందుకుంటుంది. గట్టిగా నొక్కితే అంచు అలలు తేలుతుంది, చేయి అలవాటు పడాలి. ఇత్తడికి, పోత ఇనుముకు వేరే బ్లేడు వస్తుంది, ఎస్‌.జె.పి. రోడ్డు (బెంగళూరులో టూల్స్ దొరికే బజారు)లో కొనేటప్పుడే అడగండి. స్టెయిన్‌లెస్ స్టీల్ మీద బ్లేడు త్వరగా అరుగుతుంది, రెండు మూడు అదనంగా ఉంచుకోండి. బాగా సన్న రంధ్రాల్లోకి అది దూరదు. అక్కడ కౌంటర్‌సింక్‌నే చేతివేళ్లతో తిప్పాలి.

ఇక ఆకురాయి. దట్టంగా నిలిచిన బర్రును ముందుగా పడగొట్టడానికి అది మంచిదే, కానీ కొంత బర్రు రంధ్రం లోపలికి మడతపడి అక్కడే ఉండిపోతుంది. గుండ్రటి ఆకురాయిని లోపల పెట్టి రుద్దితే రంధ్రం కోలగా మారుతుంది.

పలుచని రేకు ప్యానెల్ బాక్సులైతే మెట్లు మెట్లుగా లావయ్యే స్టెప్ డ్రిల్ వాడండి, తర్వాతి మెట్టును కాస్త తాకిస్తే ముందు అంచు అక్కడికక్కడే నునుపవుతుంది. వెనక అంచును డీబరింగ్ టూల్‌తో తీశాకే వైరు లాగండి. లేకపోతే బర్రు వైరు తొడుగును కోస్తుంది.

ఏది వాడినా, డ్రిల్ వేసేటప్పుడు ప్లేటు కింద చెక్కముక్క ఆనించి బిగిస్తే వెనక బర్రు బాగా తగ్గుతుంది. బర్రు గుచ్చుకుంటుందని గ్లవుజులతో తిరిగే మెషిన్ దగ్గరికి మాత్రం వెళ్లకండి, బిట్టు గ్లవుజుతో పాటు చేతినీ లాగేస్తుంది. మెషిన్ పూర్తిగా ఆగాక, ప్లేటు పట్టుకునేటప్పుడు వేసుకోండి.