సావర్-బెక్‌మన్ పొలం: పని చేస్తూ కనిపించే ఒక జర్మన్ వలస కుటుంబపు ఇల్లు

ఆస్టిన్ నుంచి 290వ నంబరు రహదారి మీద పడమరగా సుమారు 60 మైళ్ళు వెళితే టెక్సాస్ కొండసీమలో స్టోన్‌వాల్ అనే చిన్న ఊరు వస్తుంది. ఆ ఊరి దగ్గర, అమెరికా మాజీ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేరిట ఉన్న రాష్ట్ర ఉద్యానవనంలో, సావర్-బెక్‌మన్ పొలం ఉంది. ఇక్కడ స్థిరపడిన జర్మన్ వలస కుటుంబాల బతుకును తెలుసుకోవడానికి నేను చూసిన చోట్లన్నిటిలోనూ మొదటి స్థానం దీనికే ఇస్తాను. ప్రవేశ రుసుము లేదు. ఇష్టమైన వారు విరాళం ఇవ్వవచ్చు.

నా మాటకు కారణం చెప్పాలంటే ముందుగా వంటగది గురించే చెప్పాలి. ఈ ఇంటిని 1915–18 మధ్య ఎలా ఉండేదో అలా నిలిపి ఉంచారు. కరెంటు లేదు. సిబ్బంది ఆనాటి దుస్తులు వేసుకుని ఆనాటి పనులే చేస్తారు. ఆవుల పాలు పితుకుతారు, కోళ్ళకూ పందులకూ మేత వేస్తారు, గుడ్లు ఏరుతారు, కూరగాయల మడులకు నీళ్ళు పెడతారు, ఇనుప కట్టెల పొయ్యి మీద మధ్యాహ్నం వంట చేస్తారు. మేము వెళ్ళిన ఉదయం పొయ్యి అప్పటికే రాజుకుని ఉంది, గదంతా కట్టెల వాసన. ఒకామె మీగడ చిలుకుతోంది. నిలువుగా ఉన్న జాడీలో కర్రను పైకీ కిందికీ ఆడిస్తే వెన్న తేలుతుంది. తాడు చుట్టి తిప్పే మన కవ్వానికీ దీనికీ తేడా ఇంతే. గుంటూరు జిల్లా నుంచి వచ్చి మా దగ్గర ఉన్న అమ్మ చాలాసేపు కదలకుండా చూసింది. చివరికి నన్ను పిలిచి, "చప్పుడు మారింది, వెన్న పడింది, ఇంక చిలికితే కరుగుతుందని చెప్పు" అంది. నేను చెప్పేలోగానే ఆమె కర్ర ఆపి మూత తీసింది. నా పిల్లలకు ఆ ఇద్దరి చేతి పనీ ఒకటేనని చెప్పాల్సిన అవసరం రాలేదు.

గతంలో మేము చూసిన మరొక పాతకాలపు ఇంట్లో ప్రతి వస్తువుకూ అద్దం అడ్డుగా ఉండేది, ప్రతి అద్దం కింద ఒక చీటీ ఉండేది. ఆ చీటీలు చదివి బయటికి వచ్చాక నా కూతురికి ఒక్క వస్తువు పేరు కూడా గుర్తు లేదు. ఇక్కడ మాత్రం సబ్బు ఎలా చేస్తారో ఇంటికి వచ్చాక తనే వాళ్ళ నాన్నకు వివరించింది: కట్టెల బూడిద మీద నీళ్ళు పోసి, దిగిన క్షారాన్ని జంతువుల కొవ్వుతో కలిపి కాచాలి. పొయ్యిలోని బూడిదా, పందిని కోసినప్పుడు మిగిలిన కొవ్వూ రెండూ ఇంట్లోవే. ఏదీ పారవేయని సంసారం ఎలా నడిచేదో అంతకంటే తేలికగా పిల్లలకు చెప్పడం నాకు చేతకాదు.

ఇక ఆ కుటుంబం సంగతి. యోహాన్ సావర్, క్రిస్టీన్ సావర్ దంపతులు నలుగురు పిల్లలతో 1869లో ఈ నేల మీద కాపురం పెట్టారు. మొదట రాయితోనూ దుంగలతోనూ కట్టుకున్న చిన్న గదులు. 1885 నాటికి వాటి పక్కన మరికొన్ని రాతి కట్టడాలు లేచాయి. కారణం సులువుగానే అర్థమవుతుంది. నలుగురు పిల్లలు కాలక్రమంలో పదిమంది అయ్యారు. ఆ రాతి గోడల దగ్గర నిలబడి, ఇంతలో ఇందరు ఎలా పడుకునేవారు, ఎవరు ఎవరిని సాకేవారు అని ఆలోచించడమే ఈ చోటుకు వెళ్ళడంలోని అసలు ప్రయోజనం అని నాకు అనిపిస్తుంది. పెద్దపిల్లల చేతులు లేనిదే ఆ పొలం సాగేది కాదు. నీళ్ళు మోయడం, కట్టెలు కొట్టడం, చిన్నవాళ్ళను చంకన వేసుకోవడం అన్నీ వాళ్ళ పనులే అయి ఉంటాయి. వలస వచ్చిన మగవాడి సాహసం గురించి ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. పదిమంది పిల్లల తల్లి క్రిస్టీన్ పడిన శ్రమ మాత్రం ఇలాంటి వంటింట్లో నిలబడితే తప్ప మనసుకు ఎక్కదు.

ఆ పదిమందిలో ఆగస్టా అనే కూతురు పెళ్ళయ్యాక లిండిగ్ ఇంటిపేరుతో ఈ చుట్టుపక్కల మంత్రసానిగా పనిచేసింది. వైద్యుడు ఎక్కడో దూరాన ఉండే ఆ రోజుల్లో పురుడు పోయడానికి ఇలాంటి స్త్రీలే దిక్కు. 1908 ఆగస్టు 27న పెడెర్నాలిస్ నది ఆవలి ఒడ్డున ఒక ఇంట్లో ఆమె పురుడు పోసిన బిడ్డే లిండన్ జాన్సన్. ఆ బిడ్డ పెద్దవాడై అధ్యక్షుడయ్యాక, 1965–67 కరువు రోజుల్లో, మన దేశానికి రావలసిన గోధుమల ఓడలను ఎప్పుడు వదలాలో తానే స్వయంగా నిర్ణయించేవాడు. ఆ సంగతి నేను చెప్పగానే అమ్మ తన చిన్నప్పటి రేషన్ షాపునూ, అక్కడ ఇచ్చిన అమెరికా గోధుమలనూ తలుచుకుంది. అన్నం తినే ఇంట్లో ఆ గోధుమలతో ఏం చేయాలో ముందు ఎవరికీ తోచలేదట. ఒక రైతు ఇంటి ఆడపిల్ల చేతుల్లో పుట్టినవాడు అమ్మ వాళ్ళ వంటింటిదాకా వచ్చాడన్నమాట.

ఈ క్షేత్రం చూడబోయేవారు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది. ఇక్కడ చూపేది రెండు కుటుంబాల కాలం, అందులోనూ రెండో కుటుంబమైన బెక్‌మన్‌ల కాలమే ఎక్కువ. అడవి నరికి తొలి గుడిసె వేసుకున్న తరం కష్టం చూడాలంటే అక్కడికి పదిహేను మైళ్ళ దూరంలోని ఫ్రెడరిక్స్‌బర్గ్‌కు కూడా వెళ్ళాలి. ఆ పట్టణం 1846 మే 8న మొదలైంది. జర్మనీలో కొందరు జమీందారులు కలిసి పెట్టిన ఆడెల్స్‌ఫెరైన్ అనే సంఘం 1844–47 మధ్య 7 వేలకు పైగా జనాన్ని టెక్సాస్‌కు తెచ్చింది. పట్టణంలో ఒక ఇంటి స్థలం, ఊరి బయట పది ఎకరాల పొలం అన్నది ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో తొలి కాపులకు దక్కిన వాటా. అయితే సంఘం దగ్గర డబ్బు నిండుకుంది; మెక్సికోతో యుద్ధం రావడంతో బండ్లన్నీ సైన్యం పాలయ్యాయి; 1846లో ఇండియానోలా రేవులో దిగిన వందలాది మంది లోపలికి వెళ్ళే దారిలేక, వానలో, రోగాలతో ఆ తీరంలోనే చనిపోయారు. ఆ చరిత్ర తెలిసి వస్తే సావర్ల రాతి గది చిన్నదిగా కనిపించదు.

ఆ నేల అప్పటికే ఒకరిది అన్న సంగతినీ మరిచిపోకూడదు. ఈ కొండలు కొమాంచీలు అనే స్థానిక తెగవారి వేటభూములు. సంఘం తరఫున వచ్చిన జాన్ మోయిసెబాహ్ 1847లో వారి నాయకులతో ఒప్పందం చేసుకున్నాడు, ఇరుపక్షాలూ దానికి చాలాకాలం కట్టుబడి ఉన్నాయని ఫ్రెడరిక్స్‌బర్గ్ వాసులు ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటారు. గర్వించదగినదే. కానీ 1875 నాటికి కొమాంచీలు ఓక్లహామాలో ప్రభుత్వం తెగలకు కేటాయించిన రిజర్వేషన్ అనే భూమికి చేరవలసి వచ్చింది. సావర్లు రాతి మీద రాయి పేర్చుకుంటున్న ఆ పదేళ్ళలోనే ఇదీ జరిగింది. పిల్లలను తీసుకుని వెళ్ళేవారు ఈ రెండు కథలనూ కలిపి చెప్పాలని నా మనవి.

1900లో ఈ పొలం బెక్‌మన్ కుటుంబం చేతికి వచ్చింది. 1915లో పత్తి బాగా పండింది. ఆ ఒక్క పంట డబ్బుతో ఎమిల్, ఎమ్మా బెక్‌మన్ దంపతులు కొత్త పశువుల కొట్టం కట్టారు, పాత రాతి ఇంటికి చెక్క గది జోడించారు, వరండాలు వేసి వాటికి ఆనుకుని ఆనాటి నాగరికతకు తగిన కొత్త ఇల్లు నిలబెట్టారు. ఆ ఇంటి గోడలకు బయటివైపు అచ్చు నమూనాలున్న రేకు తొడిగారు. ఆ కాలంలో అదొక హోదా. "మన దగ్గరైనా పత్తి చేతికొచ్చిన ఏడాదే కదా మిద్దె లేచేది" అని అమ్మ అంది. నల్లరేగడి పల్లెల నుంచి వెళ్ళే మనలాంటివారికి ఈ ఇంటి లెక్క ఇట్టే బోధపడుతుంది. పాత రాతి గదీ, దుంగల గదీ, రేకు ఇల్లూ ఒకే వాకిట్లో పక్కపక్కన ఉండడం వల్ల యాభై ఏళ్ళ సంపాదన నడిచే దారిలోనే కంటికి కనిపిస్తుంది. కొత్తది కట్టాక పాతదాన్ని కూలగొట్టకుండా వాడుకున్న ఆ పొదుపుకు నేను ఎంతో ముచ్చటపడ్డాను.

వీరు ఎంచుకున్న 1915–18 కాలానికి మరొక బరువు కూడా ఉంది. 1917లో అమెరికా జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. అంతవరకు ఇంట్లో, చర్చిలో, బడిలో, సంతలో జర్మన్ మాట్లాడుకున్న ఈ కొండసీమ వాసుల విధేయతను ఇరుగుపొరుగు అనుమానించసాగారు. 1918లో బడుల్లో చదువు ఇంగ్లీషులోనే సాగాలని టెక్సాస్ చట్టం చేసింది. ఇదీ మొదటిసారి కాదు: అమెరికా అంతర్యుద్ధంలో దేశ ఐక్యత పక్షాన నిలిచి పారిపోతున్న జర్మన్ యువకులను 1862 ఆగస్టులో న్యూయెసిస్ నది దగ్గర, దేశం నుంచి విడిపోజూసిన దక్షిణాది రాష్ట్రాల సైన్యం ముట్టడించి చంపింది. వందేళ్ళకు పైగా బతికిన టెక్సాస్ జర్మన్ యాసను ఇప్పుడు మాట్లాడేవారు కొందరు వృద్ధులే. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు అన్న సంసారం మాదీ కనుక ఆ వాకిట్లో నాకు ఈ సంగతి ఎక్కువగా తట్టింది. పనివాళ్ళను అడిగి చూడండి. పని ఆపకుండానే ఓపికగా బదులు చెబుతారు. అడగనివారికి మాత్రం వంట, పశువులు, తోట వరకే ఈ ఇల్లు అందుతుంది. ఇక్కడ అడిగినవారికే ఎక్కువ దక్కుతుంది.

చలికాలంలో వెళ్ళే శాకాహారులకు ఒక హెచ్చరిక. ఆనాటి పద్ధతి ప్రకారమే పందిని కోసి, సాసేజీలు చేసి, పొగబెట్టి నిలవచేసే పనులు ఆ కాలంలో చేస్తారు. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ మాంసం అందించిన పని అది, కనుక దాన్ని దాచడం సరికాదనే నా అభిప్రాయం. చిన్నపిల్లలకు ముందుగా చెప్పి తీసుకెళ్ళడం మంచిది. ఎండాకాలంలో మధ్యాహ్నం నీడ దొరకడం కష్టం, పైగా కట్టెల పొయ్యి ఉన్న గదిలో నిలబడలేము. పాలు పితకడం, మేత వేయడం ఉదయపు పనులు కనుక పెందలాడే చేరుకోవాలి. పొలం తెరిచే వేళలను బయలుదేరే ముందు ఒకసారి సరిచూసుకోవాలి. నేల మట్టిదే, పశువులు తిరిగేదే. గట్టి బూట్లు వేసుకోవాలి.

ఈ పొలాన్ని బెక్‌మన్ వారి ఆడపడుచు 1966లో రాష్ట్ర ఉద్యానవనాల శాఖకు అమ్మింది. మరమ్మతులూ ఏర్పాట్లూ పూర్తయి జనానికి తెరిచింది 1975లో. కొన్నవారు దీన్ని బొమ్మలకొలువుగా మార్చకుండా పొలంగానే ఉంచినందుకు వారికి నా నమస్కారం. ఉద్యానవనం సందర్శక కేంద్రంలోనే నది ఆవలి జాన్సన్ కమతానికి కారులో వెళ్ళే అనుమతి పత్రం ఇస్తారు. ఉదయం ఇక్కడ మీగడ చిలకడం చూసి, మధ్యాహ్నం వంతెన దాటి, ఆగస్టా పురుడు పోసిన చోట 1964లో తిరిగి కట్టిన ఆ చిన్న ఇంటిని చూడండి. మేము అలాగే చేశాము. అమ్మ అక్కడ మిగతా గదులను పట్టించుకోలేదు, కాన్పు జరిగిన గది ఏదని అడిగి ఆ గుమ్మం దగ్గరే నిలబడింది.