ఫొటోకి చిక్కని బంగారు రంగు: మెటాలిక్ వాటర్ కలర్స్ సెట్ ఎలా ఉందంటే

పండుగ బొమ్మలు వేసి అమ్మేవాళ్లు, ఆన్‌లైన్‌లో పెట్టి లైకులు చూసుకునేవాళ్లు ఈ సెట్ జోలికి పోవద్దు. తమ కోసం తాము వేసుకునేవాళ్లకైతే ఇంతకంటే మంచిది నాకు తెలియదు.

పండుగ దగ్గర పడుతుందంటే నా చేయి చీకటి బొమ్మల మీదికి పోతుంది. కిటికీలో దీపం, మేడ మీంచి వేలాడే సీరియల్ లైట్లు, పైన ఒక పెద్ద నక్షత్రం. వేసి ఫైల్లో పెట్టుకుంటాను, అంతే. "ఇవన్నీ ఎవరికిస్తావు?" అని మా వదిన ఏటా అడుగుతుంది. ఎవరికీ కాదు వదినా అంటే నమ్మదు.

ఇన్నాళ్లూ పసుపు గ్వాష్‌తోనే, అంటే అడుగు కనిపించనివ్వని చిక్కటి నీటి రంగుతోనే వెలుగులు నెట్టుకొచ్చాను. ఈసారి ఆరు పాన్లున్న, అంటే ఆరు ఎండు రంగు బిళ్లలున్న మెటాలిక్ సెట్ తెప్పించాను. రెండు బంగారు రంగులు, వెండి, రాగి, నీలి మెరుపు, ఆకుపచ్చ మెరుపు. పేరు మెటాలిక్ అయినా ఇందులో లోహపు పొడి లేదు. సన్నటి మైకా, అంటే అభ్రకం రేకుల మీద టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ పలచగా పూసి ఉంటాయి. వెలుతురు ఆ పొరల మీద పడి వెనక్కి రావడంలోనే మెరుపంతా ఉంది. అందుకే కాగితం రంగును బట్టి ఇవి పూర్తిగా మారిపోతాయి. నీలి మెరుపును తెల్ల కాగితం మీద వేస్తే వేసినట్టే తెలియదు. అదే నల్ల కాగితం మీద వేస్తే వెన్నెల రాత్రి సిద్ధం. నల్ల కాగితం మాత్రం 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటిది దొరికితేనే తీసుకోండి. పలచటిది తడికి ఉబ్బిపోయి విసుగు పుట్టిస్తుంది.

ఇక ఫొటో సంగతి. స్కానర్లో పెడితే బంగారు రంగు మట్టి పసుపుగా వస్తుంది. ఫోన్‌తో తీస్తే ఒక మూల తెల్లగా వెలిగిపోయి మిగతాదంతా నల్లబడుతుంది. కెమెరా ఒకే కోణం నుంచి చూస్తుంది మరి. కాగితాన్ని చేత్తో పట్టుకుని కొద్దిగా వంచితే అప్పుడు చూడాలి! సీరియల్ లైట్లు ఈ చివరి నుంచి ఆ చివరికి వరుసగా వెలుగుతూ పోతాయి, వెనక్కి వంచితే ఆరిపోతాయి. బొమ్మ వేసినంతసేపూ నేను చేసిన పని సగం ఇదే. ఎవరికీ పంపించలేనని తెలిశాక, నక్షత్రం వంకర పోయినా, రెండు దీపాలు కలిసిపోయినా టెన్షన్ లేదు. దిద్దాలనిపిస్తే దిద్దాను, లేకపోతే లేదు.

లోపాలు చెప్పకపోతే అన్యాయం. రెండు బంగారు రంగులకీ తేడా కనిపెట్టడం కష్టం, ఒకదాని బదులు ముదురు ఎరుపు ఇచ్చి ఉంటే బాగుండేది. పెట్టెలో వచ్చిన బ్రష్ మొన నిలవదు, జిగురు పూసుకోవడానికి దాచుకోండి. రంగు మందంగా వేస్తే ఆరాక పొడి రాలి ఎదుటి పేజీకి అంటుకుంటుంది. మధ్యలో ట్రేసింగ్ పేపర్ పెట్టుకోవాలి. అన్నిటికన్నా చిరాకు ఇంకొకటుంది. బ్రష్ కడిగిన నీళ్లలో ఈ మెరుపు మిగిలిపోయి మామూలు రంగుల్లోకీ దూరుతుంది. వీటికి వేరే గ్లాసు, వేరే బ్రష్ పెట్టేసుకుంటే గొడవ ఉండదు. వేసేముందు పాన్ మీద రెండు చుక్కల నీళ్లు వేసి కాసేపు ఆగండి. నానితేనే రంగు చిక్కగా వస్తుంది.

విడి పాన్లు దొరికితే ఒక బంగారు, రాగి, నీలి మెరుపు, ఈ మూడూ చాలు. రాగి మరీ నచ్చింది, దీపం చుట్టూ వేడిని అదొక్కటే చూపించగలిగింది. నా పాన్‌లో అప్పుడే అడుగు కనిపిస్తోంది. వెండి పాన్ సీలు మాత్రం ఇంకా తీయలేదు.