తడి తువ్వాలు కప్పాలా, నీళ్లు పోసి ఫ్యాన్ పెట్టాలా?

మే నెల మధ్యాహ్నం మా పగ్ జాతి కుక్క మేడ మీద నుంచి వచ్చి గుమ్మంలోనే కూలబడింది. ఒకటే రొప్పు. చొంగ జిగటగా తీగలు సాగుతోంది, చిగుళ్లు ఎర్రగా కందిపోయాయి. వడదెబ్బే.

టెన్షన్‌లో తడి తువ్వాలు కప్పేశాను. అది పొరపాటు. కాసేపటికే గుడ్డ వేడెక్కి, ఒంటి వేడిని బయటికి పోనివ్వదు.

నీళ్లు పోసి ఫ్యాన్ పెట్టడమే మేలు. ఆరే నీరు వేడిని లాగేస్తుంది. పొట్ట, గజ్జలు బాగా తడపాలి, ముక్కులోకి నీళ్లు పోకుండా చూడాలి. మేడ మీది ట్యాంకు నీళ్లు ఆ వేళకి కాగిపోయి ఉంటాయి, బిందెలోవి వాడండి. కుక్కకి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 103కి దిగగానే తడపడం ఆపేయాలి. తేరుకున్నా సరే, వెంటనే డాక్టర్‌కి చూపించండి. కిడ్నీలు దెబ్బతిన్న సంగతి పైకి కనపడదు.