ఊరికో సర్వర్, రాయగడలో తాళంచెవి: ఏది మేలు?

పర్లాకిమిడి, గుణుపూర్, జయపూర్‌లలో నాలాగే సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఊరికో అప్లికేషన్ సర్వర్ ఉంది, అన్నిటినీ ఒక్క చోటి నుంచి చూసుకోవాలి. వైల్డ్‌ఫ్లైని (జావా అప్లికేషన్లను నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్) డొమైన్ పద్ధతిలో, అంటే అన్నీ ఒక కేంద్రం చెప్పినట్టు నడిచేలా పెట్టాలా, లేక దేనికది స్టాండలోన్‌గా, అంటే విడిగా నడుపుతూ యాన్సిబుల్‌తో (దూరం నుంచి సర్వర్ల సెట్టింగులు మార్చే సాధనం) సరిదిద్దుకోవాలా? రాయగడలో ఒక మందుల టోకు వ్యాపారి దగ్గర నేను ఈ మధ్యే మొదటిది తీసి రెండోది పెట్టాను.

డొమైన్ పద్ధతిని తక్కువ చేయలేను. 2011లో జేబాస్ (వైల్డ్‌ఫ్లై పాత పేరు) ఏడో వెర్షన్‌తో వచ్చినప్పటి నుంచి అది చాలామందికి చేతి శ్రమ తగ్గించింది. కేంద్రంలో ఉండే డొమైన్ కంట్రోలర్‌లో డేటాసోర్స్‌ను (డేటాబేస్ కనెక్షన్ వివరాలను) ఒక్కసారి మారిస్తే ఆ సర్వర్ గ్రూపు మొత్తానికీ అందుతుంది. 9990 పోర్టులో కన్సోల్ తెరిస్తే ఏ ఊరి సర్వర్ నడుస్తోందో, ఏది ఆగిందో ఒకే తెర మీద కనబడుతుంది. యాన్సిబుల్‌లో ఆ చూపు లేదు.

కానీ నా దృష్టిలో తేల్చేది ఒకటే: ఇంటర్నెట్ లైను లేని సమయంలో సర్వర్ తనంతట తాను లేవగలదా?

నడుస్తున్న సర్వర్‌కు మధ్యలో లైను తెగితే డొమైన్ పద్ధతిలోనూ ఇబ్బంది లేదు, పని సాగిపోతుంది. చిక్కంతా రీస్టార్ట్‌లో ఉంది. ఒక వానాకాలం ఉదయం గుణుపూర్ గోదాము నుంచి పెద్దాయన ఫోను చేశారు: "బాబూ, కంప్యూటర్లన్నీ వెలిగాయి, బిల్లు మాత్రం పడటం లేదు." రాత్రి కరెంటు పోయి ఇన్వర్టర్ కూడా చల్లబడింది. తెల్లవారి కరెంటు వచ్చింది గానీ రోడ్డు పనుల్లో తెగిన ఫైబర్ రాలేదు. తర్వాత లాగ్ చూస్తే, గోదాము మెషీన్‌లో సర్వర్లను లేపే హోస్ట్ కంట్రోలర్ రాయగడలోని డొమైన్ కంట్రోలర్ కోసం కొన్నిసార్లు ప్రయత్నించి, దొరక్క ఆగిపోయింది. కార్బన్ కాగితం పెట్టి చేత్తో బిల్లులు రాస్తూ ఆయన మధ్యాహ్నం దాకా నెట్టుకొచ్చారు. లైను పోయినా బిల్లు ఆగకూడదనే కదా గోదాములో సర్వర్ పెట్టుకున్నది!

దీనికి మందు లేకపోలేదు. హోస్ట్ కంట్రోలర్‌ను క్యాష్డ్-డీసీ ఆప్షన్‌తో మొదలుపెడితే, కేంద్రం దొరకనప్పుడు తన దగ్గర దాచుకున్న డొమైన్ సెట్టింగుల కాపీతో లేస్తుంది. అయితే ఆ కాపీ ముందే తయారై ఉండాలి. పైగా కేంద్రం తిరిగి కలిసేదాకా డొమైన్ సెట్టింగ్ ఏదీ మార్చలేం.

స్టాండలోన్‌లో ఆ బెడదే లేదు. కావలసినదంతా ఆ మెషీన్ మీదే ఉంటుంది. యాన్సిబుల్ ఎస్ఎస్‌హెచ్ (దూరపు మెషీన్‌లోకి భద్రంగా వెళ్లే దారి) మీదుగా వెళ్లి మార్పులు చేసి వస్తుంది, గోదాములో ప్రత్యేకంగా ఏజెంటు అక్కర్లేదు, పైథాన్ ఉంటే చాలు. దీని లోపమూ చెప్పాలి. మనం పంపే సమయానికి ఉదాహరణకు మునిగుడ గోదాము లైను పోయి ఉంటే ఆ ఒక్కటీ పాత వెర్షన్‌లోనే మిగిలిపోతుంది, దాన్ని గుర్తుపెట్టుకునే బాధ్యత మనదే. అందుకే నేను యాన్సిబుల్-పుల్ వాడుతున్నాను. ప్రతి సర్వర్ అరగంటకోసారి గిట్ (మార్పుల చరిత్రతో ఫైళ్లు దాచే చోటు) నుంచి తానే ప్లేబుక్ (చేయాల్సిన మార్పుల జాబితా) తెచ్చుకుంటుంది, లైను లేకపోతే ఉన్నదానితోనే నడుస్తుంది. తప్పు మార్పు ఒకేసారి అన్ని ఊళ్లకూ పాకకుండా మునిగుడకు గిట్‌లో వేరే బ్రాంచి (ప్లేబుక్‌కు విడి ప్రతి) పెట్టి, అక్కడ రెండు రోజులు చూశాకే మిగతావాటికి వదులుతాను. పాస్‌వర్డ్‌లు యాన్సిబుల్ వాల్ట్‌లో, అంటే తాళం వేసిన రహస్య ఫైల్లో ఉంటాయి. వాల్ట్ తెరిచే ఫైలు మాత్రం ప్రతి మెషీన్ మీదా ఉండక తప్పదు, దాన్ని రూట్ (మెషీన్ ప్రధాన ఖాతా) తప్ప ఎవరూ చదవకుండా చూసుకోవాలి.

యాన్సిబుల్ లాంటి మరో సాధనం పప్పెట్ కూడా అరగంటకోసారి అడిగి తెచ్చుకునేదే, కేంద్రం దొరకకపోతే పాత క్యాటలాగ్‌తో (ముందు తెచ్చుకున్న సెట్టింగుల జాబితాతో) సరిపెట్టుకుంటుంది. పప్పెట్ ఇప్పటికే తెలిసినవాళ్లు మారనక్కర్లేదు. నాలుగైదు సర్వర్లకు కుబర్నెటీస్ (చాలా మెషీన్ల మీద కంటైనర్లను నడిపే పెద్ద వ్యవస్థ) జోలికి నేను వెళ్లను.

సర్వర్లన్నీ బరంపురంలో ఒకే గదిలో ఉన్నాయంటే డొమైన్ పద్ధతే హాయి. ఊళ్ల మీద చెదిరి ఉండి, ఇప్పటికే డొమైన్‌లో ఉన్నవాళ్లు మాత్రం ఈ వారంలోనే ఒక సాయంత్రం గోదాము మూశాక నెట్ కేబుల్ పీకి, సర్వర్‌ను ఆపి మళ్లీ వెలిగించి చూడండి. బిల్లింగ్ తెర రాకపోతే, కేబుల్ తిరిగి పెట్టే ముందే క్యాష్డ్-డీసీ ఆప్షన్ స్టార్టప్ స్క్రిప్టులో ఉందో లేదో వెతకండి.